పిట్స్‌బర్గ్‌లో రెండున్నర రోజులు: బేస్‌బాల్ ఆట, వెంకన్న దర్శనం రెండూ కుదరాలంటే

మీరు అడిగినదాని సారాంశం ఇది. జులైలో ఒక శుక్రవారం న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పిట్స్‌బర్గ్ శివారు పెన్‌హిల్స్‌లో వేంకటేశ్వరస్వామి దర్శనం కావాలి, పిల్లల బేస్‌బాల్ పోటీ లిటిల్ లీగ్‌లో ఆడుతున్న తొమ్మిదేళ్ల అబ్బాయికి ఈ ఊరి జట్టు పైరేట్స్ గేమ్ కావాలి. ఈ రెండింటితో పాటు ఊరు కూడా చూడవచ్చా, టికెట్లు ఎప్పుడు కొనాలి, పెద్దవాళ్లు అంతసేపు కూర్చోగలరా అన్నవి మీ సందేహాలు. ఈ ఊళ్లో పదహారేళ్లుగా ఉంటూ, ఏటా వేసవిలో వచ్చే చుట్టాలను ఇవే రెండు చోట్లకు తిప్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: కుదురుతుంది. అయితే ఆటను ఆఖరి రోజుకు వదిలేయకుండా మొదటి సాయంత్రానికే పెట్టుకోవాలి, హోటలు మాత్రం గుడి దగ్గర కాకుండా డౌన్‌టౌన్‌లో, పైరేట్స్ ఆడే పీఎన్‌సీ పార్క్ స్టేడియానికి నడిచి వెళ్లగలిగే చోట తీసుకోవాలి. ఈ రెండూ సరిగ్గా పడితే మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది.

ముందుగా వారాంతాన్ని ఎంచుకోవడం గురించి. అమెరికాలో పెద్ద బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్. అందులో ఒక్కో జట్టు సీజన్‌కు 162 ఆటలు ఆడుతుంది, అందులో సగమే సొంత ఊళ్లో జరుగుతాయి. జట్టు వరుసగా వారం పది రోజులు ఊళ్లో ఉండి, మళ్లీ వారం పాటు బయటి ఊళ్లకు వెళ్లిపోతుంది కాబట్టి, ముందు సెలవు పెట్టుకుని తరువాత ఆటల పట్టిక చూస్తే నిరాశే మిగిలే అవకాశం సగానికి సగం ఉంటుంది. పైగా జులై మధ్యలో ఆల్‌స్టార్ విరామం పేరుతో నాలుగు రోజుల పాటు లీగ్ ఆటలే ఉండవు. పట్టికలో జట్టు ఊళ్లో ఉన్న వారాంతాలను గుర్తించిన తరువాత, ఆ తేదీల్లో డౌన్‌టౌన్‌లో ఇంకేం జరుగుతున్నాయో కూడా చూడండి. పక్కనే ఉన్న అక్రిషర్ స్టేడియంలో పెద్ద కచేరీ ఉందంటే హోటలు ధరలు అమాంతం పెరుగుతాయి. జులై 4కు అటూ ఇటూగా ఇక్కడి కన్వెన్షన్ సెంటర్‌లో ఆంత్రోకాన్ అనే సమావేశం జరుగుతుంది. నక్కల వేషాలు, తోడేళ్ల వేషాలు వేసుకున్న వేలాది మంది డౌన్‌టౌన్ వీధుల్లో తిరుగుతూ ఉంటారు. పిల్లలకు అది పండుగే గానీ, ముందుగా చెప్పకుండా తీసుకువచ్చినందుకు మా మామగారు లిఫ్టులో ఆరడుగుల కుందేలు పక్కన నిలబడి నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరువలేదు. అదే నెలలో పికిల్స్‌బర్గ్ అని ఊరగాయల పండుగ కూడా ఉంటుంది. పేరు విని ఆవకాయ మీద ఆశ పెట్టుకోకండి, అక్కడ రాజ్యమంతా సిర్కాలో నానిన దోసకాయదే.

ఇక శుక్రవారమే ఎందుకంటే, వాన వల్ల. క్రికెట్‌లో లాగానే వానకు ఆట ఆగుతుంది, మైదానం మీద పట్టా కప్పుతారు, గంట రెండు గంటలు చూస్తారు. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిదు పూర్తయ్యాక ఆగిపోతే, లేదా అప్పటికి ఆతిథ్య జట్టే ముందుంటే నాలుగున్నర ఇన్నింగ్స్‌కే, అది పూర్తి ఆట కిందే లెక్క. అసలు మొదలు కాకుండానే వాయిదా పడితే మీ టికెట్టు ఆ ఆటను మళ్లీ ఆడే రోజుకు చెల్లుతుందే తప్ప డబ్బు వెనక్కి రావడం అరుదు. ఆ మారు ఆట మరునాడే పడితే శుక్రవారం టికెట్టు కొన్నవారు శనివారం చూడగలుగుతారు, ఆదివారం టికెట్టు కొన్నవారు మాత్రం ఉత్త చేతులతో న్యూజెర్సీకి తిరిగి వెళ్తారు. ఆదివారం ఆటలు సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో మొదలవుతాయి కాబట్టి ఎండ ఒక సమస్య, ఆట ముగిశాక ఆరు గంటల ప్రయాణం ఇంకో సమస్య. శుక్రవారం సాయంత్రం ఆటలు మాత్రం ఇటీవలి సీజన్లలో ఆరూ నలభైకి మొదలవుతున్నాయి. 2023లో బంతి వేయడానికి గడియారం పెట్టినప్పటి నుంచి ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో ముగుస్తోంది. అంటే తొమ్మిదిన్నరకల్లా మీరు బయట ఉంటారు. అమ్మానాన్నలు మూడు గంటలు కూర్చోగలరా అన్న మీ ప్రశ్నకు సగం సమాధానం ఇదే.

అసలు చిక్కు ఇక్కడ వస్తుంది. మన పెద్దవాళ్లు దర్శనం కాకుండా ఆటకు రమ్మంటే వస్తారా? మా అత్తగారు రాలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకు అందరం గుడికి బయలుదేరాం. దర్శనం, అర్చన, క్యాంటీన్‌లో కాఫీ ముగించుకుని అయిదుంబావుకు కారెక్కి, పన్నెండు మైళ్లే కదా అనుకున్నాం. స్క్విరెల్ హిల్ సొరంగం ముందు వాహనాలు అంగుళం అంగుళంగా కదిలాయి. సొరంగంలోకి వెళ్లే ముందు ప్రతి డ్రైవరూ అలవాటుగా బ్రేకు నొక్కడం ఈ ఊరి ఆచారం. స్టేడియం దగ్గర పార్కింగ్ దొరికి, సీట్లలో కూర్చునేసరికి నాలుగో ఇన్నింగ్స్ నడుస్తోంది, మా అమ్మాయి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అప్పటి నుంచి శుక్రవారం మధ్యాహ్నం మూడు దాటాక గుడి నుంచి ఊళ్లోకి వచ్చే ఏ కార్యక్రమాన్నీ నేను ఒప్పుకోను.

మీకు మాత్రం ఒక అనుకూలత ఉంది. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు మీద తూర్పు నుంచి వచ్చేవారికి మన్రోవిల్ దగ్గర 57వ ఎగ్జిట్ ముందుగా తగులుతుంది, గుడి అక్కడి నుంచి కొద్ది మైళ్లే. అంటే మీ దారిలో ఊరికన్నా ముందు వచ్చేది గుడే. ఎడిసన్ నుంచి ఇక్కడికి దాదాపు 350 మైళ్లు. ఉదయం ఆరింటికి బయలుదేరితే, పెద్దవాళ్ల కోసం రెండుసార్లు ఆగినా, ఒంటిగంట లోపు పెన్‌హిల్స్ చేరుకోవచ్చు. దర్శన వేళలను గుడి వెబ్‌సైట్‌లో ముందు రోజు చూసుకోండి, పనిదినాల వేళలకూ వారాంతపు వేళలకూ తేడా ఉంటుంది. ప్రశాంతంగా దర్శనం చేసుకుని రెండింటికల్లా కారెక్కితే సొరంగం బాధ పెద్దగా ఉండదు, మూడింటికి హోటలు గది చేతికొస్తుంది, పెద్దవాళ్లు రెండు గంటలు నడుం వాల్చవచ్చు. ఒకవేళ పొద్దున్నే బయలుదేరడం మీ ఇంట్లో జరగని పని అయితే, నిజాయతీగా ఒప్పుకుని, దర్శనాన్ని ఆదివారం ఉదయానికి మార్చండి, అదీ తిరుగు దారిలోనే ఉంది. కుదరని పని ఒక్కటే: మధ్యాహ్నం మూడింటికి గుడికి చేరి ఆరూ నలభై ఆటకు అందుకుంటామనుకోవడం.

హోటలు విషయంలో చాలామంది మన్రోవిల్ వైపు తీసుకుంటారు. గుడి దగ్గర, మన భోజనం దగ్గర, పార్కింగ్ ఉచితం. లెక్క ప్రకారం అది చవకే. కానీ ఆట రాత్రి కారులో వచ్చి, స్టేడియం పక్క పార్కింగ్‌కు ఆ రోజు పెంచిన ధర కట్టి, ఆట ముగిశాక అందరితో పాటు ఒకే దారిలో బయటపడటానికి ముప్పావు గంట ఎదురుచూసి, నిద్రపోయిన పిల్లవాడితో అరగంట ప్రయాణం చేస్తే ఆ మిగులు ఎక్కడిదక్కడే సరి. డౌన్‌టౌన్‌లో సిక్స్త్ స్ట్రీట్‌కు దగ్గరగా గది తీసుకుని కారును అక్కడే వదిలేస్తే, రాబర్టో క్లెమెంటే వంతెన దాటి పది నిమిషాల్లో స్టేడియం గేటు ముందు ఉంటారు. ఆట ఉన్న రోజు ఆ వంతెన మీద వాహనాలను ఆపి పూర్తిగా నడిచేవారికే వదిలేస్తారు. పిట్స్‌బర్గ్‌లో ఒక్క పనే చేయడానికి తీరిక ఉందంటే, సాయంత్రం అయిదున్నరకు ఆ పసుపు రంగు ఇనుప వంతెన మీద నడవమంటాను. పల్లీల పొట్లాలు, నీళ్ల సీసాలు అమ్మేవాళ్లు, ఒక మూల సాక్సోఫోన్ వాయించే మనిషి, కింద అలెఘేనీ నదిలో పడవలు, నలుపూ పసుపూ చొక్కాలు వేసుకున్న తాతలూ మనవలూ కనిపిస్తారు. స్టేడియం లోపల దొరికే పల్లీల కన్నా ఇక్కడివే చవక, ఇక్కడే కొనుక్కోండి. వంతెన పొడవు పావు మైలు కూడా లేదు. అయినా మోకాళ్ల నొప్పులున్నవారికి అది ఎక్కువనిపిస్తే, డౌన్‌టౌన్‌లో ఉడ్ స్ట్రీట్ లేదా గేట్‌వే స్టేషన్‌లో ‘టీ’ అనే లైట్ రైలు ఎక్కితే నది కింది సొరంగంలోంచి అవతలి ఒడ్డున మొదటి స్టేషన్ నార్త్ సైడ్‌లో దింపుతుంది, ఆ కాస్త దూరానికి టికెట్టు అక్కర్లేదు.

వంతెనకు ఆ పేరు ఎందుకొచ్చిందో మీ అబ్బాయికి నడుస్తూ చెప్పండి. ప్యూర్టో రికో నుంచి వచ్చిన రాబర్టో క్లెమెంటే పైరేట్స్ తరఫున సరిగ్గా 3000 హిట్లు (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టిన ఆటగాడు. నికరాగువా భూకంప బాధితులకు సామగ్రి తీసుకువెళ్తూ 1972 డిసెంబరు 31న విమాన ప్రమాదంలో మరణించాడు. అతని చొక్కా సంఖ్య 21. స్టేడియంలో రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కు కుడివైపు మైదానం చివర) గోడ ఎత్తు 21 అడుగులు ఉండటానికి కారణం అదే. తెలిసి చూసిన పిల్లవాడు ఆ గోడను వేరుగా చూస్తాడు.

టికెట్ల గురించి భయం అక్కర్లేదు. 2001లో మొదలైన పీఎన్‌సీ పార్క్‌లో దాదాపు 38 వేల సీట్లున్నాయి, జట్టు మాత్రం 2015 తరువాత 2025 దాకా ఒక్కసారి కూడా సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌కు చేరలేదు. కాబట్టి మామూలు రోజుల్లో సీట్లు దొరకక వెనుతిరిగినవారు లేరు. ధర పెరిగేది మూడు సందర్భాల్లో: ఆట తరువాత బాణాసంచా కాల్చే రాత్రి, యాంకీస్ లేదా కబ్స్ లాంటి జట్టు వచ్చినప్పుడు, పాల్ స్కీన్స్ బంతి వేసే రోజు. స్కీన్స్ 2024లో ఉత్తమ కొత్త ఆటగాడిగా, 2025లో బంతి వేసేవారిలో ఉత్తముడికిచ్చే సై యంగ్ అవార్డు విజేతగా నిలిచాడు. కానీ అతని వంతు అయిదారు రోజులకొకసారి వస్తుంది, ఎవరు వేస్తారన్నది కొద్ది రోజుల ముందే ఖాయమవుతుంది, కాబట్టి అతని కోసం తేదీలు మార్చుకునే ప్రయత్నం చేయవద్దు. ఒక్కరో ఇద్దరో అయితే ఆట రోజు దాకా ఆగి, ఇతరులు తిరిగి అమ్ముకునే టికెట్లు చవకగా పట్టవచ్చు. మీరు అయిదుగురు, పక్కపక్కనే కూర్చోవాలి కాబట్టి జట్టు అధికారిక సైటులోనే రెండు మూడు వారాల ముందు కొనండి. టికెట్లన్నీ ఫోన్‌లోనే ఉంటాయి. అయిదు టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉంచుకుని, గేటు దగ్గరకు చేరేలోగా ఆ ఫోన్ చార్జింగ్ అయిపోకుండా చూసుకోండి. ఇంత మామూలు సలహా ఎందుకంటే, అలా అయిపోయిన ఫోన్‌తో గేటు బయట నిలబడ్డ తమ్ముడు నాకొకడు ఉన్నాడు.

ఏ సీట్లు అన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది: హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనుక నుంచి థర్డ్ బేస్ (బ్యాటర్‌కు ఎడమ) వైపు, పై అంతస్తులో. మైదానానికి దగ్గరగా ఉండాలని కింది సీట్లకు రెండింతలు పోసేవారు ఈ స్టేడియం ప్రత్యేకతనే పోగొట్టుకుంటారు. ఇది రెండే అంతస్తుల కట్టడం, అత్యంత ఎత్తున ఉన్న సీటు కూడా మైదానానికి 88 అడుగుల దూరమే. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా పచ్చటి మైదానం, దాని అవతల నది, వంతెన, డౌన్‌టౌన్ మేడలు ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్టు కనిపిస్తాయి. ఆరో ఇన్నింగ్స్ ప్రాంతంలో చీకటి పడుతూ ఆ మేడల్లో దీపాలు వెలుగుతుంటే, అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవారు కూడా తలెత్తుతారు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ వైపు సీట్లు దక్షిణ ముఖంగా ఉంటాయి కాబట్టి మధ్యాహ్నపు ఆటకు ఎండ సూటిగా తగులుతుంది, సాయంత్రపు ఆటకు ఆ బాధ తక్కువ. పెద్దవాళ్లున్నారు కనుక పై వరుసలు కాకుండా మెట్లు తక్కువ ఎక్కే వరుసలు చూసి తీసుకోండి, లిఫ్టు కావాలంటే గేటు దగ్గర సిబ్బందిని అడగండి, మొహమాటపడవద్దు.

మీ నాన్నగారు క్రికెట్ చూసేవారైతే ఆట అర్థం చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. మా మామగారు కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న, ఓవర్లు ఎన్ని అని. ఓవర్లు లేవు. ఒక్కో జట్టుకు తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు మూడు ఔట్లు, మొత్తం ఇరవై ఏడు వికెట్లు పడే దాకా ఆడినట్టు అనుకోండి. బంతి నేలను తాకకుండా వస్తుంది, వెనక్కి గ్లాన్స్ చేస్తే పరుగు రాదు, రెండు గీతల మధ్యనే కొట్టాలి. ఆతిథ్య జట్టు ఎప్పుడూ రెండోసారే బ్యాటింగ్ చేస్తుంది. ఇంత చెప్పాక, అయిదో ఇన్నింగ్స్‌కల్లా ఆయనే పక్కవాళ్లకు ఫీల్డింగ్ తప్పులు వివరించడం మొదలుపెట్టారు. ఇంకో ముచ్చట కూడా చెప్పవచ్చు. మేజర్ లీగ్ జట్టు ఒప్పందం కుదుర్చుకున్న మొదటి భారతీయులు రింకూ సింగ్, దినేశ్ పటేల్. 2008లో వాళ్లను తీసుకున్నది ఈ పైరేట్స్ జట్టే. ఆ రింకూ సింగ్, మన క్రికెటర్ రింకూ సింగ్ ఒకరు కాదని ముందే చెప్పండి, లేకపోతే ఆ చర్చతో రెండు ఇన్నింగ్స్ గడిచిపోతాయి.

తిండి విషయానికొస్తే, శాకాహారులకు వేయించిన బంగాళాదుంపలు, నాచోలు, పాప్‌కార్న్‌తో పాటు ఇక్కడ పియెరోగీ ఉంటుంది. తూర్పు ఐరోపా నుంచి ఉక్కు కర్మాగారాల్లో పనికి వచ్చిన కుటుంబాలు తెచ్చిన వంటకమిది. చూడటానికి మన కజ్జికాయలా అర్ధచంద్రాకారంలో ఉంటుంది, లోపల బంగాళాదుంప, చీజ్ పెట్టి ఉడికించి, వెన్నలో వేగిన ఉల్లిపాయలతో ఇస్తారు. మాంసం ముక్కలు చల్లుతారేమో అడిగి తీసుకోండి. ఆట మధ్యలో పియెరోగీ వేషాలు వేసుకున్నవాళ్లు మైదానం చుట్టూ పరుగుపందెం పెట్టుకుంటారు, అప్పుడు పిల్లవాడిని బాత్రూమ్‌కు తీసుకువెళ్లకండి. బయటి తిండి తెచ్చుకోనిచ్చే స్టేడియాల్లో ఇదొకటి. మధ్యాహ్నం గుడి క్యాంటీన్‌లో కొన్న పులిహోర మేము చాలాసార్లు లోపలికి తీసుకువెళ్లాం. సంచీ కొలతల నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి, బయలుదేరే ముందు రోజు జట్టు సైటులో చూసుకోవాలి.

శనివారం అబ్బాయికీ పెద్దవాళ్లకూ కలిపి ఒకే చోట సరిపోయేది ఓక్‌లాండ్ ప్రాంతం. డైనోసార్ల కోసం కార్నెగీ మ్యూజియం ఉంది. దానికి నడిచి వెళ్లే దూరంలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయపు 42 అంతస్తుల కేథడ్రల్ ఆఫ్ లెర్నింగ్ ఉంది. అందులో ఒక్కో దేశం పేరిట అలంకరించిన తరగతి గదుల్లో భారతదేశపు గదిని నలంద విశ్వవిద్యాలయాన్ని తలపించేలా ఇటుకలతో కట్టారు. మీ అమ్మగారికి అది తప్పక చూపించండి. బేస్‌బాల్ పిచ్చి ఉన్న పిల్లవాడికి మాత్రం అసలు క్షేత్రం అక్కడి నుంచి నాలుగడుగుల్లో ఉంది. పైరేట్స్ 1909 నుంచి 1970 దాకా ఆడిన ఫోర్బ్స్ ఫీల్డ్ అక్కడే ఉండేది. దాని ఇటుక గోడలో కొంత భాగాన్ని కూల్చకుండా ఉంచారు. పోస్వార్ హాల్ అనే తరగతుల భవనంలో నేలలో గాజు పలక కింద ఆనాటి హోమ్ ప్లేట్ ఉంది. 1960 అక్టోబరు 13న మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో పైరేట్స్ ఆటగాడు బిల్ మాజరోస్కీ ఆఖరి ఇన్నింగ్స్‌లో కొట్టిన హోమ్ రన్‌తో (మన సిక్సర్ లాంటిది) యాంకీస్ ఓడిపోయింది ఇక్కడే. ఏటా అదే తేదీన అభిమానులు ఆ గోడ దగ్గర చేరి ఆనాటి రేడియో వ్యాఖ్యానం మళ్లీ వింటారు. మీ అబ్బాయి ఆ గాజు పలక మీద నిలబడి గాలిలో బ్యాటు ఊపుతాడు. ఆ ఫొటో తీయకుండా రాకండి.

మధ్యాహ్నం దుకాణాలతో నిండిన స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లో పెన్ అవెన్యూ మీద కాసేపు తిరిగి, చీకటి పడే వేళకు 1877 నుంచి నడుస్తున్న డ్యుకేన్ ఇంక్లైన్ ఎక్కండి. కొండ మీదికి తాడుతో లాగే పాత చెక్క పెట్టె అది. పైనుంచి మూడు నదుల సంగమమూ ముందు రాత్రి మీరు కూర్చున్న స్టేడియమూ ఒకేసారి కనిపిస్తాయి. బాణాసంచా రాత్రి శనివారం పడితే అక్కడి నుంచే ఉచితంగా చూడవచ్చు, కాకపోతే గంట ముందు వెళ్లాలి.

ఆదివారానికి ఇంకేమీ పెట్టుకోకండి. తొమ్మిదింటికి గది ఖాళీ చేసి గుడికి వెళ్తే అర్చన చేయించుకోవచ్చు. పదకొండు దాటితే క్యాంటీన్‌లో వరుస బారెడు పెరుగుతుంది, అందుకని ముందు పొట్లాలు కట్టించుకుని తరువాత కూర్చుని తినండి. టర్న్‌పైక్ మీద నగదు తీసుకోరు, ఈజీపాస్ (కారులో పెట్టుకునే టోల్ పరికరం) లేకపోతే నంబర్ ప్లేటు ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, అది బాగా ఎక్కువ పడుతుంది. అద్దె కారులో వస్తుంటే మీ ఈజీపాస్ తీసి వెంట తెచ్చుకోండి. పన్నెండు లోపు టర్న్‌పైక్ ఎక్కితే దాదాపు రెండు గంటల తరువాత సైడ్‌లింగ్ హిల్ సర్వీస్ ప్లాజా వస్తుంది. పెద్దవాళ్లు కాళ్లు చాపుకోవడానికి, పులిహోర పొట్లాలు విప్పడానికి ఆ దారిలో అంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.